చైనా సంప్రదాయ వైద్యానికి ఆధునిక విజ్ఞాన పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మసీ విద్యార్థులకు మూలికల పాఠం చెప్పేటప్పుడే కాదు, ఫోనులో, పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాల్లో కూడా నన్ను అడిగే సందేహాలు దాదాపు ఇవే. కొందరికి చైనా మందుల మీద అపారమైన నమ్మకం, కొందరికి అదంతా మోసమన్న కోపం. ఇద్దరికీ పనికొచ్చేలా, ఏ జవాబు విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు.

## మొదలుపెట్టే ముందు

చైనా వైద్యం అంటే ఆక్యుపంక్చరేనా?

అది, అంటే సూదులు గుచ్చే చికిత్స, ఒక భాగం మాత్రమే. పెద్ద భాగం మందులదే. మొక్కలు, ఖనిజాలు, జంతు పదార్థాలు కలిపి కాచే కషాయాలు, నూరి చుట్టే మాత్రలు అందులోకి వస్తాయి. మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, నలిపి, చర్మానికి దగ్గరగా కాల్చి కాక పెట్టడం, కప్పులు పెట్టడం, ఒళ్లు పట్టడం, ఆహార నియమాలు కూడా ఇందులో ఉన్నాయి. 16వ శతాబ్దంలో లీ షిజెన్ సంకలనం చేసిన ఔషధ గ్రంథం ఒక్కదానిలోనే 1,892 పదార్థాల వివరాలున్నాయి. ఇంత పెద్ద సంపుటిని పట్టుకుని ‘పనిచేస్తుందా, చేయదా’ అని ఒక్క మాటలో అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఏ మందు, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో అని అడిగినప్పుడే పరీక్షించడానికి వీలవుతుంది.

ఆధునికీకరించడం అంటే కషాయాన్ని క్యాప్సూల్‌గా మార్చడమేనా?

చాలా కంపెనీలు అంతవరకే చేసి ఆగిపోతున్నాయి. క్యాప్సూల్, పొడి ప్యాకెట్, సిరప్ అన్నీ రూపంలో మార్పులే. చేదు తగ్గుతుంది, ప్రయాణంలో తీసుకెళ్లడం సులువవుతుంది. మందు గురించి మన జ్ఞానం మాత్రం ఒక్క మెట్టు కూడా పైకెక్కదు. నా దృష్టిలో ఆధునికీకరణకు గుర్తు ఒక్కటే: పరీక్షలో తప్పితే ఆ మందును పక్కన పెట్టడానికి ముందే సిద్ధపడటం. ఫలితం ఎలా వచ్చినా మందు అమ్ముడుపోతూనే ఉంటుందంటే ఆ పరీక్షకు పెట్టిన ఖర్చు ప్రచారానికి పెట్టినట్టే.

వేల ఏళ్లుగా వాడుతున్నారు కదా, మళ్లీ పరీక్షలు ఎందుకు?

అనుభవానికి కొన్ని విషయాలు బాగా అందుతాయి. ఏ వేరు విరేచనం చేయిస్తుందో, ఏ ఆకు చెమట పట్టిస్తుందో, ఏది తింటే నాలుక మొద్దుబారుతుందో వైద్యులు తరతరాలుగా సరిగ్గానే గుర్తించారు. ఫలితం గంటల్లో కనిపిస్తే అనుభవం చాలు. మందు మానేసిన పదేళ్లకో ఇరవై ఏళ్లకో వచ్చే మూత్రాశయ క్యాన్సర్‌ను ఆ మందుతో ముడిపెట్టడం ఒక్క వైద్యుడి జీవితకాలంలో సాధ్యం కాదు. అరిస్టోలోకియా జాతి మొక్కలను చైనాలోనే కాక యూరప్‌లోనూ శతాబ్దాల పాటు వాడారు. అవి మూత్రపిండాలను కుళ్లబెడతాయని, క్యాన్సర్ తెస్తాయని 1990ల తర్వాతే తేటతెల్లమైంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. జలుబు, నడుము నొప్పి, సాధారణ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. అప్పుడు వేసుకున్న మందుకే పేరొస్తుంది.

చైనా ప్రభుత్వం ఈ వైద్యాన్ని ఎందుకింతగా ప్రోత్సహిస్తోంది?

ఎప్పుడూ ఇలా లేదు. 1929లో అప్పటి జాతీయవాద ప్రభుత్వంలో పాత వైద్యాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనే వచ్చింది, దేశమంతటా వైద్యులు తిరగబడ్డారు. 1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక పరిస్థితి మారింది. ఆధునిక వైద్యులు తక్కువ, పల్లెలు ఎక్కువ. ఉన్న వైద్యులందరినీ వాడుకోవాల్సి వచ్చింది. 1955లో బీజింగ్‌లో చైనా వైద్య పరిశోధన అకాడమీ ఏర్పడింది. ఇప్పుడు దీనిలో జాతి గౌరవం, పెద్ద పరిశ్రమ, ఎగుమతులు కలిసిపోయాయి. 2017 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, ప్రాచీన గ్రంథాల్లోని ఎంపిక చేసిన యోగాలకు (మందుల కూర్పులకు) రోగులపై పరీక్షలు లేకుండానే అనుమతి పొందే దారి తెరిచింది. ఇది వెనకడుగని నా నిశ్చితాభిప్రాయం. గ్రంథం పాతదన్నది చరిత్రకారుడికి ఆధారం. రోగికి కాదు.

## పాత గ్రంథం నుంచి ప్రయోగశాలకు

మలేరియా మందు నిజంగా పాత వైద్య గ్రంథంలోనే దొరికిందా?

గ్రంథంలో దొరికింది ఒక ఆచూకీ. మందును ప్రయోగశాలలో తయారుచేశారు.

వియత్నాం యుద్ధకాలంలో సైనికులు మలేరియాతో రాలిపోతుంటే 1967 మే 23న చైనా ఒక రహస్య పథకం ప్రారంభించింది. ఆ తేదీని బట్టే దానికి 523 అని పేరు. 1969లో తూ యూయూ అనే పరిశోధకురాలికి బీజింగ్ బృందం బాధ్యత అప్పగించారు. ఆమె చదివింది ఆధునిక ఔషధ శాస్త్రం, ఆ తర్వాత రెండేళ్లకు పైగా పాత వైద్యంలోనూ శిక్షణ పొందారు. ఆమె బృందం రెండు వేలకు పైగా యోగాలను వడపోసి, సుమారు 200 మూలికల నుంచి 380 సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి బాగా పనిచేసింది, మరోసారి చేయలేదు.

అప్పుడు ఆమె 4వ శతాబ్దపు వైద్యుడు గే హోంగ్ రాసిన వాక్యాన్ని మళ్లీ చదివారు. పిడికెడు చింగ్‌హావ్‌ను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని అందులో ఉంది. మిగతా మూలికలన్నిటినీ కాచమనే చోట దీన్ని పిండమన్నాడు. వేడికి గుణం చెడిపోతోందేమో అన్న అనుమానం ఆమెకు అక్కడ తట్టింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసి, అందులోని ఆమ్ల భాగాన్ని విషగుణం ఉందని తొలగించి, మిగిలిన తటస్థ భాగాన్ని పరీక్షించారు. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల రక్తంలో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తుడిచిపెట్టింది. సాంస్కృతిక విప్లవ కాలం కావడంతో కర్మాగారాలు నడవడం లేదు. ఇళ్లలో నీళ్లు నిల్వచేసే పెద్ద తొట్లలోనే ఆకు నానబెట్టి సారం తీశారు. 1972లో తూ, మరో ఇద్దరు సహచరులు ముందుగా తామే ఆ మందు వేసుకుని చూసుకున్నారు. తర్వాత హైనాన్ ద్వీపంలో 21 మంది రోగులకు ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో శుద్ధమైన స్ఫటికం చేతికొచ్చింది. అదే ఆర్టెమిసినిన్. షాన్‌డోంగ్, యున్నాన్ బృందాలు కూడా దీన్ని శుద్ధి చేశాయి, ఆ కృషిని మరవకూడదు.

ఆర్టెమిసినిన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు జంటగా ఉన్న వంతెన ఒకటుంది. పరాన్నజీవి మన రక్తాన్ని జీర్ణం చేసుకునేటప్పుడు బయటపడే ఇనుము తగలగానే అది తెగి, దాని ప్రోటీన్లను చిత్తుచేస్తుంది. తూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియాను దోమ మోస్తుందన్న ఆధారం 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్‌కు దొరికింది సికింద్రాబాదులోనే కాబట్టి ఈ కథలో మనకూ ఒక చోటుంది.

అయితే చింగ్‌హావ్ ఆకు కషాయం తాగితే మలేరియా తగ్గుతుందా?

దయచేసి ఆ పని చేయకండి. అందులో మలేరియా మీద పనిచేసే ఆర్టెమిసినిన్ నీళ్లలో సరిగా కరగదు. ఒక పొలం ఆకుకూ మరో పొలం ఆకుకూ మధ్య దాని శాతం ఎంతో మారుతుంది. జ్వరం రెండు రోజులు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టవచ్చు. చాలీచాలని మోతాదుకు అలవాటుపడిన పరాన్నజీవి మందుకు లొంగకుండా తయారవుతుంది కూడా. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆకు టీని సిఫారసు చేయడం లేదు. శుద్ధి చేసిన మందును కూడా ఒంటరిగా కాకుండా మరో మందుతో కలిపే ఇవ్వాలంటోంది. ఆ మొక్క మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి చుట్టమే గానీ, మాచిపత్రి మలేరియా మందు కాదు.

ఆర్సెనిక్ విషం కదా, క్యాన్సర్ మందు ఎలా అయింది?

1970ల ఆరంభంలో హేలోంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పాషాణం, పాదరస లవణం, కప్ప విషం కలిపి క్యాన్సర్‌కు ఇస్తున్నారని హార్బిన్ వైద్యులకు తెలిసింది. ఝాంగ్ టింగ్‌డోంగ్ బృందం ఆ మిశ్రమాన్ని తెచ్చి, ఒక్కో పదార్థాన్నీ తీసేస్తూ పరీక్షించింది. పనిచేస్తున్నది తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. అది కూడా అన్ని క్యాన్సర్లకూ కాదు, అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే ఒక రకం రక్త క్యాన్సర్‌కు అమోఘంగా పనిచేస్తోంది. షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ అదే జబ్బుకు విటమిన్ ఎ సంబంధిత మందును వాడారు. చెన్ ఝు, ఆయన సహచరులు ఆర్సెనిక్ ఎక్కడ పట్టుకుంటుందో తేల్చారు. ఆ క్యాన్సర్‌కు మూలమైన వికృత ప్రోటీనుకే అతుక్కుని దాన్ని నాశనం చేయిస్తుంది.

2000లో అమెరికా అనుమతించింది. ఇటలీ, జర్మనీ వైద్యుల పరీక్ష ఫలితం 2013లో వెలువడింది. రెండు మందులూ కలిపి ఇచ్చినవారిలో రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా, ఏ విఘాతమూ లేకుండా ఉన్నవారు 97 శాతం. పాత కీమోథెరపీ పద్ధతిలో 86 శాతం. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన జబ్బు ఇది. పాదరసం, కప్ప విషం తీసేయడానికి వెనకాడి ఉంటే ఈ ప్రాణాలు నిలిచేవి కావు.

ఒక్క రసాయనాన్ని విడదీస్తే అది ఇంకా చైనా వైద్యమేనా?

బీజింగ్‌లో ఒక జవాబు, స్టాక్‌హోంలో ఒక జవాబు వస్తాయి. ఆర్టెమిసినిన్‌కు బహుమతి ఇచ్చిన నోబెల్ కమిటీ సభ్యులు తాము సంప్రదాయ వైద్యానికి బహుమతి ఇవ్వలేదని, దాని స్ఫూర్తితో పుట్టిన కొత్త మందుకు ఇచ్చామని స్పష్టం చేశారు. చైనాలో చాలామంది దాన్ని తమ వైద్యానికి దక్కిన గౌరవంగానే చూశారు. జ్వరంతో వణికే పిల్లకు ఈ వాదంతో పనిలేదు. మందు ఎక్కడిదో ఒప్పుకోవడం మర్యాద, ఎలా పనిచేస్తుందో తేల్చడం విజ్ఞానం. రెండూ చేయవచ్చు.

పది మూలికలు కలిసిన కషాయాన్ని ఎలా పరిశోధిస్తారు?

ముందు కషాయం ప్రతిసారీ ఒకేలా ఉందని తేల్చుకోవాలి. అందుకు క్రొమటోగ్రఫీ వాడతారు. చుక్క నమూనాను సన్నని గొట్టం గుండా ఒత్తిడితో పంపితే ఒక్కో రసాయనం ఒక్కో నిమిషంలో బయటికొస్తుంది. తెర మీద వరసగా శిఖరాలు లేస్తాయి. ఏ శిఖరం ఎక్కడ, ఎంత ఎత్తున ఉందో కలిపి చూస్తే అది ఆ కషాయానికి వేలిముద్ర. ఈ ఏడాది సరుకు వేలిముద్ర నిరుటి సరుకుతో కలవకపోతే అసలు పరిశోధనే మొదలుపెట్టకూడదు.

యేల్ విశ్వవిద్యాలయంలో యుంగ్‌చి చెంగ్ బృందం ఈ దారిలో ఏళ్ల తరబడి పనిచేసింది. సుమారు 1,800 ఏళ్ల నాటి ఒక విరేచనాల కషాయాన్ని వారు ఎంచుకున్నారు. అందులో నాలుగే సరుకులు: స్కుటెల్లేరియా వేరు, పియోనీ వేరు, అతిమధురం, రేగుపండు. క్యాన్సర్ కీమోథెరపీ వల్ల పేగు దెబ్బతిన్న ఎలుకలకు అది మేలు చేసినట్టు 2010లో ప్రచురించారు. నాలుగింటిలో ఒక్కోదాన్ని తీసేసి చూడటం కూడా వారి పనిలో భాగం. ఎలుకల్లో మేలు కనిపిస్తే మనుషుల్లో మేలు జరిగినట్టు కాదు, కానీ పద్ధతి ఇలా ఉండాలి.

కంప్యూటర్ విశ్లేషణలో ఈ కషాయం వంద ప్రోటీన్ల మీద పనిచేస్తుందని తేలిందట, నమ్మాలా?

ఇటువంటి పరిశోధన పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. మూలికల్లోని రసాయనాల జాబితాను, జబ్బుకు సంబంధించిన ప్రోటీన్ల జాబితాను కంప్యూటర్‌కిచ్చి గీతలు గీయిస్తారు. దాన్నే నెట్‌వర్క్ ఫార్మకాలజీ అంటున్నారు. ఎక్కడ వెతకాలో సూచించడానికి అది ఉపయోగపడుతుంది. ఆ రసాయనం పేగులోంచి రక్తంలోకి చేరుతుందా, చేరినా చాలినంత ఉంటుందా అన్నది గీతలు చెప్పవు. ప్రయోగశాలలో సరిచూడని చిత్రాన్ని ఆధారంగా చూపిస్తే ఒప్పుకోకండి. మా విద్యార్థులకు నేను ఇదే గట్టిగా చెబుతాను.

## సరుకు, శుద్ధి

సంచిలో ఉన్నది సరైన మూలికే అని ఎలా తెలుస్తుంది?

కంటితో చూసి చెప్పలేం. 1990ల ఆరంభంలో బ్రస్సెల్స్‌లోని ఒక బరువు తగ్గించే కేంద్రంలో జరిగినది దీనికి అత్యంత విషాదకరమైన ఉదాహరణ. ఫాంగ్ జీ అనే మూలిక వేయాల్సిన మాత్రల్లో గ్వాంగ్ ఫాంగ్ జీ పడింది. పేర్లు దగ్గర, ఎండిన వేర్లు చూడటానికి దగ్గర, వృక్షశాస్త్రంలో మాత్రం ఏ సంబంధమూ లేదు. రెండోది అరిస్టోలోకియా. వందకు పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ముందుజాగ్రత్తగా మూత్రపిండాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ బయటపడిందని 2000లో ప్రకటించారు.

ఇప్పుడు డీఎన్ఏ బార్‌కోడింగ్ వచ్చింది. ఎండిన వేరు ముక్కలోంచి చిన్న డీఎన్ఏ భాగాన్ని చదివి ఏ జాతో చెప్పగలరు. కాచి వడగట్టిన సారంలో డీఎన్ఏ చెడిపోతుంది కాబట్టి అక్కడ రసాయన పరీక్షే దిక్కు. రెండూ కావాలి. పురుగుమందుల అవశేషాలు, సీసం, పాదరసం కూడా చూడాలి. చైనా 2020 ఔషధ ప్రమాణ గ్రంథం 33 నిషిద్ధ పురుగుమందులకు పరీక్షలు తప్పనిసరి చేసింది.

ఈశ్వరి, గాడిదగడపాకు అనే పేర్లతో అరిస్టోలోకియా జాతి మొక్కలు మన నాటు వైద్యంలోనూ ఉన్నాయి. వాటిని లోపలికి తీసుకోవద్దని అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతాను.

శుద్ధి చేస్తే విషం పోతుందంటారు, నిజమేనా?

కొన్నిటి విషయంలో అక్షరాలా నిజం. మన ఆయుర్వేదంలో వత్సనాభిని శుద్ధి చేసినట్టే చైనావారు దాని చుట్టమైన ఫూజీ వేరును నానబెట్టి, ఆవిరికి ఉడికించి, మళ్లీ చాలాసేపు కాస్తారు. అందులోని అకోనిటిన్ గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు. నీళ్లలో గంటల కొద్దీ కాగినప్పుడు ఆ అణువుకున్న ఎస్టర్ బంధాలు ఒక్కొక్కటే తెగి, విషం ఎన్నో రెట్లు తగ్గిన పదార్థంగా మారుతుంది. రసాయన శాస్త్రం పుట్టకముందే వైద్యులు ఇది కనిపెట్టారు, వారికి దండం పెట్టాల్సిందే. అయితే ఒక గంట తక్కువ కాస్తే ఏమవుతుందో హాంకాంగ్ ఆసుపత్రులకు బాగా తెలుసు. మరోవైపు, అరిస్టోలోకియా విషం ఎంత కాచినా పూర్తిగా పోదు. శుద్ధి అన్న మాట వినగానే భరోసా పడకుండా ఏ విషం, ఎలా పోతోంది అని అడగాలి.

## రోగుల మీద పరీక్ష

చేదు కషాయానికి ఉత్తుత్తి మందు ఎలా తయారుచేస్తారు?

ఉత్తుత్తి మందు (ప్లాసిబో) అంటే పోల్చి చూడటానికి ఇచ్చే, మందులాగే కనిపించే మందు లేని పదార్థం. ఇది చాలా కష్టమైన పని, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. రంగుకు కారామెల్, చేదుకు ఏదైనా నిరపాయమైన పదార్థం, కాస్త వాసన, చిక్కదనానికి పిండి కలుపుతారు. అయినా చిన్నప్పటి నుంచి ఆ కషాయాలు తాగిన రోగి ఒక్క గుక్కలో పట్టేస్తాడు. అందుకే కొన్ని పరీక్షల్లో అసలు మందునే అతి పలుచగా కలుపుతారు. క్యాప్సూల్‌లో అయితే సులువు. ఒక్కో రోగికి ఒక్కో యోగం రాసే పద్ధతిని కూడా పరీక్షించవచ్చు. వైద్యుడు తనకు తోచినట్టు రాస్తాడు, లోపల పొట్లం కట్టేవారు చీటీ తీసి కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తిది ఇస్తారు. ‘మా వైద్యం పరీక్షకు లొంగదు’ అనే మాటకు ఇది చాలినంత సమాధానం.

పెద్ద ఎత్తున సరిగ్గా జరిగిన పరీక్షల్లో ఏం తేలింది?

మూడింటిని చెబుతాను. మూడింటిలోనూ రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఉత్తుత్తి మందుతో పోల్చారు.

గుండె వైఫల్యానికి చిలి చియాంగ్‌షిన్ అనే 11 మూలికల క్యాప్సూల్‌ను 133 ఆసుపత్రుల్లో 3,100 మందికి పైగా రోగుల్లో పరీక్షించారు. మామూలు చికిత్స అందరికీ కొనసాగింది. గుండెజబ్బుతో మరణించడం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం మందు తీసుకున్నవారిలో సుమారు 25 శాతం, ఉత్తుత్తి మందువారిలో సుమారు 30 శాతం. పెద్ద గుండెపోటుకు తోంగ్‌షిన్‌లువోను 124 ఆసుపత్రుల్లో పరీక్షిస్తే, 30 రోజుల్లో తీవ్ర సంఘటనలు మందు తీసుకున్నవారిలో 3.4 శాతం, ఉత్తుత్తి మందువారిలో 5.2 శాతం. తేలు, జలగ, జెర్రి వంటివి కలిసిన మందు ఇది. ఈ రెండు ఫలితాలూ చైనా బయటి వైద్యులను ఆలోచింపజేశాయి. ఇతర దేశాల్లో, కంపెనీతో సంబంధం లేనివారు మళ్లీ చేసి చూపించేవరకు నేను ఆశ దగ్గరే ఆగుతాను.

మూడోది మెదడులో రక్తస్రావానికి చైనా ఆసుపత్రుల్లో విరివిగా వాడే మందు. 26 ఆసుపత్రుల్లో 1,600 మందికి పైగా రోగుల్లో పరీక్షిస్తే ఏ ప్రయోజనమూ కనిపించలేదు. 2024లో అది అలాగే ప్రచురితమైంది. ముందు చెప్పిన రెండిటికంటే ఈ వ్యతిరేక ఫలితమే నాకు ఎక్కువ ధైర్యాన్నిస్తోంది. విఫలమైన పరీక్షను దాచకుండా బయటపెట్టే చోట, సఫలమైన పరీక్షకు విలువ పెరుగుతుంది.

చైనాలో జరిగిన పరీక్షలను నమ్మవచ్చా?

ఒక్కోదాన్ని చూసి నిర్ణయించుకోవాలి. 1998లో వచ్చిన ఒక సమీక్షలో చైనా నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ పరీక్షల్లో ప్రతి ఒక్కటీ అనుకూల ఫలితమే చూపించింది. ఏ వైద్యంలోనూ అది జరిగే పని కాదు. 2015లో చైనా ఔషధ నియంత్రణ సంస్థే 1,622 మందుల దరఖాస్తుల్లోని సమాచారాన్ని సరిచూసుకోమని ఆదేశిస్తే, వాటిలో అత్యధిక భాగాన్ని కంపెనీలే వెనక్కి తీసుకున్నాయి. అవన్నీ సంప్రదాయ మందులు కావు గానీ, రోగం ఎక్కడుందో తెలిసింది. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడింది. పరీక్ష మొదలుకాకముందే దేన్ని కొలుస్తారో నమోదు చేశారా, ఎంతమంది మధ్యలో మానేశారో చెప్పారా, డబ్బు ఎవరిది అన్న మూడు విషయాలు చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా, లేదా?

జర్మనీలో నడుము నొప్పి మీద 1,162 మందితో జరిపిన పరీక్ష ఫలితం 2007లో వచ్చింది. గ్రంథం ప్రకారం సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి, సంబంధం లేని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామాల వంటి మామూలు చికిత్సలో 27.4 శాతం మందికి మేలు కనిపించింది. సూది చికిత్సతో రోగికి ఊరట దొరికింది నిజం. ఏ బిందువులో గుచ్చారన్నదానితో పెద్దగా పని లేకపోవడమూ నిజం.

సంతానం కోసం పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న వెయ్యిమంది మహిళల మీద చైనాలోనే చేసిన పెద్ద పరీక్షలో ఆక్యుపంక్చర్ వల్ల కాన్పుల సంఖ్య పెరగలేదు. సంతాన కేంద్రాల్లో దీనికి వేలకు వేలు పోసేవారు ఈ ఒక్క ఫలితం తెలుసుకోవాలి. ఇక నాడుల సంగతి. ఎలుక వెనక కాలిలో ఒక నిర్దిష్ట చోట స్వల్ప విద్యుత్తు ఇస్తే అక్కడి నాడుల ద్వారా వేగస్ నాడికి, అడ్రినల్ గ్రంథికి సంకేతం వెళ్లి శరీరంలోని వాపు-మంట (ఇన్‌ఫ్లమేషన్) తగ్గిందని 2021లో చియుఫు మా బృందం చూపింది. ఇలాంటి పరిశోధనే ఈ రంగాన్ని ముందుకు తీసుకెళ్లేది.

చి, యిన్-యాంగ్, నాడీ పరీక్షలను విజ్ఞానం నిరూపించిందా?

లేదు. చి అంటే ఒంట్లో ప్రవహిస్తుందని వారు చెప్పే ప్రాణశక్తి, యిన్-యాంగ్ అంటే ఒకదాన్నొకటి పూరించే రెండు విరుద్ధ గుణాలు. చి ప్రవహించే మార్గాలకు శరీరంలో ప్రత్యేకమైన నిర్మాణం ఏదీ దొరకలేదు. ఒకే రోగిని వేర్వేరు వైద్యులకు చూపిస్తే నిర్ధారణలు తరచూ కలవడం లేదని అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ఈ నిర్ధారణలకు అధ్యాయం చేర్చింది కదా అని అడుగుతారు. 2025లో ఆయుర్వేద, సిద్ధ, యునానీలవీ చేరాయి. ఎంతమంది ఏ నిర్ధారణతో వస్తున్నారో లెక్కపెట్టడానికి ఆ సంకేతాలు. చికిత్స పనిచేస్తుందన్న ధ్రువపత్రం కాదు.

## వాడేవారికి

మూలికలే కదా, దుష్ఫలితాలు ఉండవు కదా?

ఉంటాయి. జుట్టు నల్లబడటానికి వాడే హే షౌ వూ అనే మూలిక కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఒక ప్రత్యేక జన్యురూపం ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువని చైనా శాస్త్రవేత్తలే కనిపెట్టారు. మా హువాంగ్ అనే మూలికలోని ఎఫెడ్రిన్ గుండెపోటు, పక్షవాతం తేగలదని అమెరికా 2004లో దాన్ని ఆహార పూరకాల నుంచి నిషేధించింది. అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. మనవాళ్లు దగ్గుకు నమిలే అతిమధురమే అది.

బీపీ, షుగర్, గుండె మందులతో కలిపి వాడవచ్చా?

మీ వైద్యుడికి చెప్పకుండా వద్దు. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు డాన్‌షెన్ వేరు తీసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. శస్త్రచికిత్సకు వెళ్లేముందు, అవయవ మార్పిడి అయినవారు, కీమోథెరపీలో ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ‘చెబితే తిడతారు’ అని దాచేవారే ఎక్కువ. డబ్బా తీసుకెళ్లి వైద్యుడి బల్ల మీద పెట్టండి.

కరోనాకు చైనా మందు పనిచేసిందన్నారు, నిజమేనా?

లియన్‌హువా చింగ్‌వెన్ అనే మూలికల మందు గురించి అడుగుతుంటారు. 2020లో 284 మంది రోగులతో చేసిన పరీక్షలో లక్షణాలు 10 రోజులకు బదులు 7 రోజుల్లో తగ్గాయన్నారు. అందులో ఉత్తుత్తి మందు లేదు. ఎవరు ఏం తీసుకుంటున్నారో అందరికీ తెలుసు. అలసట, దగ్గు వంటి లక్షణాలను అలా కొలిస్తే ఫలితం నిలబడదు. సింగపూర్ నియంత్రణ సంస్థ దాన్ని కరోనా చికిత్సకు అనుమతించలేదని ప్రజలకు స్పష్టంగా చెప్పింది.

ఆన్‌లైన్‌లో కొన్న చైనా మాత్రలతో మోకాళ్ల నొప్పి మాయమైంది. ఇంకేం కావాలి?

ఒక్క రోజులో నొప్పి మాయమైతే నాకు భయం వేస్తుంది. మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో స్టెరాయిడ్, నొప్పి మాత్ర పొడి కలిపిన సంఘటనలు అనేక దేశాల్లో పట్టుబడ్డాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చైనా మూలికల మిశ్రమంగా అమ్మిన పీసీ-స్పెస్‌లో హార్మోను మందు, వార్ఫరిన్ బయటపడి 2002లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. నెలల తరబడి వాడినవారు మాత్రం హఠాత్తుగా మానేయకుండా వైద్యుడిని కలవాలి. లోపల స్టెరాయిడ్ ఉంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.

అలుగు (పాంగోలిన్) పొలుసులు, ఎలుగుబంటి పిత్తం ఇంకా వాడుతున్నారా?

ఖడ్గమృగం కొమ్ము, పులి ఎముకల వ్యాపారాన్ని చైనా 1993లో నిషేధించింది. అలుగు పొలుసులను 2020 ఔషధ గ్రంథం ముడిసరుకుల జాబితా నుంచి తీసేసినా, కొన్ని తయారీ మందుల్లో అవి అప్పటికి మిగిలే ఉన్నాయి. పొలుసు అంటే గోరు, వెంట్రుకలలో ఉండే కెరాటినే. దానికోసం మన తూర్పు కనుమల్లో కూడా అలుగులను పట్టి అమ్ముతున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

విజ్ఞానం ఇక్కడ దారి చూపింది. ఎలుగుబంటి పిత్తంలో నిజంగా ఉపయోగపడే ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేస్తున్నారు. కాలేయ జబ్బుకు మన మందుల దుకాణంలోనే దొరుకుతుంది. కస్తూరికి కూడా చైనా శాస్త్రవేత్తలు కృత్రిమ ప్రత్యామ్నాయం రూపొందించారు. ఆ తర్వాత కూడా ఎలుగుబంటిని బోనులో పెట్టి పిత్తం పిండటానికి వైద్యపరమైన సాకు ఏదీ మిగల్లేదు.

## మన వైపు నుంచి

మన ఆయుర్వేదంలో ఇలాంటి పని ఎందుకు జరగలేదు?

జరిగింది. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించారు. 1952లో దాని నుంచి రెసర్పిన్‌ను స్విట్జర్లాండ్ కంపెనీ వేరుచేసింది. మనకు లోపించింది కొనసాగింపు. చైనా వందల మందిని, డజన్ల కొద్దీ సంస్థలను ఒకే ప్రశ్న మీద ఏళ్ల తరబడి కూర్చోబెట్టింది. మనం ఒక్కో కళాశాలలో ఒక్కో ఆకు, ఒక్కో పత్రం, అంతటితో సరి. మానుపసుపులో ఉన్న బెర్బెరిన్ చెడు కొలెస్ట్రాల్‌ను ఏ దారిలో తగ్గిస్తుందో 2004లో చైనావారు చూపించారు. ఆ మొక్క మన దగ్గరా ఉంది, రసాయన శాస్త్రజ్ఞులూ ఉన్నారు.

ఈ రంగంలో పనిచేయాలంటే ఏం చదవాలి?

ఫార్మసీలో మూలికా శాస్త్రం, ఔషధ ప్రభావ శాస్త్రం, లేదా ఆర్గానిక్ కెమిస్ట్రీ. హైదరాబాదులోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ)లో ప్రకృతి సిద్ధ రసాయనాల మీద చాలాకాలంగా పని జరుగుతోంది. అక్కడే నైపర్ (జాతీయ ఔషధ విద్యా, పరిశోధన సంస్థ) కూడా ఉంది. దేనిలో చేరినా గణాంక శాస్త్రం వదలకండి. మంచి రసాయనం దొరికి, పరీక్షను తప్పుగా రూపొందించి పాడుచేసుకున్నవారు ఎక్కువ.

మా ఊళ్లో ఒక ఆకు పసరు కామెర్లకు బాగా పనిచేస్తుంది. పరిశోధనకు ఎలా తీసుకెళ్లాలి?

ముందు మొక్కను పూతతో సహా తీసి, పాత వార్తాపత్రికల మధ్య అదిమి ఎండబెట్టండి. ఊరు, తేదీ, తీసినవారి పేరు రాసిన చీటీ దానికి అతికించి, దగ్గర్లోని విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికి ఇవ్వండి. వారు శాస్త్రీయ నామం తేల్చేవరకు మిగతా ఏ పనీ మొదలుకాదు. ఎన్ని ఆకులు, ఏ కాలంలో, దేనిలో నూరి, ఎంత, ఎన్ని రోజులు ఇస్తారో వైద్యం చేసే పెద్దాయనను అడిగి ఆయన మాటల్లోనే రాసుకోండి. 4వ శతాబ్దపు చైనా వైద్యుడు గే హోంగ్ ఆకును కాచమనకుండా పిండి రసం తాగమని రాసి ఉండకపోతే మలేరియా మందు ఆర్టెమిసినిన్ ఇంకెన్నాళ్లకు దొరికేదో.

వచ్చిన రోగులకు కాలేయ పరీక్షలు చేయించారా, ఏ రకం కామెర్లు అన్నది నమోదు చేయండి. హెపటైటిస్ ఎ అయితే చాలామందికి మందు లేకపోయినా తగ్గుతుంది. అది తేలకుండా పసరుకు పేరు ఇవ్వలేం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఈ జ్ఞానం నుంచి వచ్చే లాభంలో వాటా అడిగే హక్కు ఆ సముదాయానికి ఉంటుంది. ఏ కంపెనీతోనైనా మాట్లాడేముందు రాష్ట్ర జీవవైవిధ్య మండలిని సంప్రదించండి. పెద్దాయన పేరు మొదటి కాగితం నుంచే అందులో ఉండాలి.